పసివారికొక దయ్యపు బొమ్మ

అక్టోబరు 31వ తేదీ సాయంకాలము హైదరాబాదు నాచారపు అపార్టుమెంట్లలోను, ఉప్పల్ కాలనీలలోను తెల్లదుప్పట్లు కప్పుకొని, అట్టకొమ్ములు తగిలించుకొని, చాక్లెట్ల కొరకు ఇంటింటి గంట నొక్కుచు తిరుగు చిన్నారి దయ్యములను కొన్నేండ్లుగా చూచుచున్నాను. ఇది మన పండుగ కాదని కొందఱు పెద్దలు నొసలు చిట్లింతురు. మృతులను స్మరించు నవంబరు తొలినాళ్ల క్రైస్తవ పర్వములకు ముందురాత్రియే గదా హాలోవీన్. మనమును పెత్రామాస నాడు పితరులకు అన్నము పెట్టి, ఆ సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మ నాడుకొందుము. పోయినవారి తలపును పిల్లల కేరింతయు ఒక్కనాడే కలియుట మనకు క్రొత్త కాదు. నా వ్యథ వేరు.

నిరుడు ఐదేండ్ల మనుమని వెంటబెట్టుకొని ఉప్పల్ వైపు ఒక హాలుకు పిల్లల బొమ్మ చూడబోతిని. అసలు బొమ్మకు ముందు, రాబోవు దయ్యాల సినిమా ట్రైలరొకటి వేసిరి: నెత్తురు కన్నులు, విరబోసిన జుట్టు, చెవులు చిల్లులు పడు కేక. వాడు నా చొక్కాలో మొగము దాచుకొని, "తాతా, ఇంటికి పోదాం" అన్నాడు. ఆ రాత్రి దీపము ఆర్పనీయలేదు. భయమే కూడదని నే ననను. చింతచెట్టు దయ్యము కథ చెప్పుమని రోజును వేధించువాడును వాడే. అయితే కథవేళ వాడు నా యొడిలో నుండును. వాని కన్నులు చూచుకొనుచు దయ్యము గొంతును నేను తగ్గింతును. పసివారి కొరకు తీయు బొమ్మకు ఈ చూపు ఉండవలెను.

ఈ విద్య మనవారికి తెలియనిది కాదు. 1957లో విజయా సంస్థ పక్షమున కె.వి. రెడ్డి తీసిన 'మాయాబజార్'లో అడవిదారిన సుభద్రాభిమన్యుల నడ్డగించి గర్జించిన ఘటోత్కచుడు, వచ్చినది పినతల్లియు తమ్ముడును అని తెలిసినంతనే వినయముతో తల వంచి, ఆ తరువాత పెండ్లివంటకములన్నిటిని ఒంటరిగా ఆరగించి కూర్చుండుసరికి, తొలుత జడిసిన బాలుడే ఆ రాక్షసుని తన యింటివానిగా ఎంచుకొనును. ఎస్.వి. రంగారావు ఆకారమంతయు భయము, ఆ నవ్వంతయు చనువు. 1947 జూలైలో వెలసిన 'చందమామ'యు భుజముపై శవమును మోయు విక్రమార్కుని ఎన్ని తరముల పిల్లల చేత కథ కొరకు ఎదురుచూడజేసెనో! 'మాయాబజార్'లో ఆ ఘటోత్కచుని చూచి మా వాడు, "తాతా, వీడు మనోడేనా?" అని అడిగి, మనవాడే అనగా కుదుటపడెను. కాని మూడు గంటల నిడివి ఐదేండ్లవానికి మిక్కిలి; విందు ముగియకయే నిద్రపోయెను. అమెరికాలో పిల్లల కొరకు తీసిన 1966 నాటి హాలోవీన్ బొమ్మ, చార్లీ బ్రౌన్ గుమ్మడికాయ కథ, ఇంచుమించు 25 నిమిషములే.

2023 సినిమాటోగ్రాఫ్ చట్టసవరణ సినిమాల కిచ్చు యూఏ ధ్రువపత్రమును ఏడు, పదమూడు, పదునాఱేండ్ల మెట్లుగా విభజించినది. పిల్లల వయోభేదమును శాసనము గుర్తించినది. నిర్మాతలు గుర్తింపలేదు. ఏడేండ్ల లోపువానికని తెలుగు దయ్యము నొకదానిని తీర్చిదిద్దువారు లేరు. బాలల చిత్రోత్సవమునకు ఆతిథ్య మిచ్చిన నగరమిది. 2017 నవంబరులో ఇరువదవ ఉత్సవము ఇక్కడనే జరిగినది. 'మాయాబజార్'లో కృష్ణుడైన నందమూరి రామారావు స్టూడియో నెలకొల్పినది ఈ నాచారముననే. ఇంతటి చోట ఈ కొఱత తగదు.

హాళ్ల యజమానులారా, పిల్లల బొమ్మకు ముందు భయానకమైన ట్రైలరు వేయకుడు. నిర్మాతలారా, పాడుబావి దయ్యమునో, మఱ్ఱిచెట్టు బ్రహ్మరాక్షసునో పట్టుకొని, తాత యొడిలో విన్నట్టుండు నలుబది నిమిషముల బొమ్మ యొకటి వచ్చే దసరా సెలవులకు తీసి ఇండు. మా వానిని తీసికొని మొదటి ఆటకే వత్తును.