విప్పి అల్లిన ఊలు

2018 సంక్రాంతి సెలవులకు అందరమూ కాకినాడలోని మా ఇంట కలిసికొన్నాము. భోగి ముందురోజు అటకమీది ఇనుప ట్రంకుపెట్టెను దింపి తెరిచినప్పుడు, అడుగున పాత వార్తాపత్రికల మడతలో మా నాన్నగారి స్వెట్టరు కనిపించింది. నేరేడుపండు రంగు ఊలుతో మా అమ్మ స్వయంగా అల్లినది అది. 2009లో నాన్నగారు కాలధర్మం చెందిన తరువాత దానిని ఎవరూ తాకలేదు. తాకనివ్వడం అమ్మకు ఇష్టం లేదు.

మడత విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకొనేసరికి గుండె గుభేలుమన్నది. వీపున, చంకల వద్ద, మెడపట్టీ పొడుగునా చిల్లులు. కలరా ఉండలు ఏనాడో ఆవిరైపోయాయి. చిమ్మటలు తమ పని తాము చేసికొని వెళ్ళాయి.

అమ్మ ఏమీ అనలేదు. స్వెట్టరును ఒళ్ళో పెట్టుకొని చిల్లుల అంచులను వేళ్ళతో తడుముతూ కూర్చున్నది. అప్పటికే ఆమె కళ్ళకు శుక్లాలు కమ్మాయి. చూపుకంటె స్పర్శనే ఎక్కువగా నమ్ముకొనేది. కాలేజీలో చదువుకొంటున్న మా అమ్మాయి పక్కనే చతికిలబడి, "నాయనమ్మా, దీన్ని విప్పేసి మళ్ళీ అల్లుకొందామా?" అన్నది. నేను గుడ్లురిమి చూశాను. అమ్మ సమాధానం చెప్పకుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ స్వెట్టరు పుట్టిన వైనం చెబితే గాని ఆ మౌనం పాఠకులకు అర్థం కాదు.

1971లో చలి మొదలయ్యే వేళకు నాన్నగారికి ఢిల్లీ బదిలీ అయింది. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆర్.కె. పురంలోని ప్రభుత్వ క్వార్టర్సులో దిగేనాటికి మా నలుగురికీ కలిపి ఉన్నవి రెండు కంబళ్ళు. సముద్రపుటొడ్డున పుట్టి పెరిగిన అమ్మకు ఊలు అన్నది దుకాణంలో కూడా చూసి ఎరుగని వస్తువు. పక్కవాటాలో ఒక పంజాబీ గృహిణి ఉండేవారు. ఆమెను మేము మాసీజీ అని పిలిచేవాళ్ళం. మధ్యాహ్నవేళ ఆ వరుసలోని స్త్రీలంతా ఎండపొడలో నులకమంచాలు వేసికొని, వేరుసెనగకాయలు ఒలుచుకొంటూ, కబుర్లు చెప్పుకొంటూ ఊలు అల్లేవారు. అమ్మకు హిందీ రాదు. మాసీజీకి తెలుగు రాదు. ఆమె అమ్మ వెనుక కూర్చొని, అమ్మ చేతులమీద తన చేతులు వేసి అల్లిక నేర్పింది. ఆ విధంగా అమ్మకు పట్టుబడిన మొదటి హిందీ మాటలు సీధా, ఉల్టా, ఫందా, సలాయీ.

ఆ డిసెంబరులోనే యుద్ధం వచ్చింది. చీకటి పడగానే ఢిల్లీలో దీపాలు ఆర్పివేసేవారు. కిటికీలకు నల్లకాగితాలు అంటించుకొని చీకటిలో కూర్చొన్న ఆ రాత్రులలో కూడా మాసీజీ సూదుల చప్పుడు ఆగలేదు. ఫందాలను కంటితో కాదు, బొటనవేలితో లెక్కపెట్టాలని ఆమె అమ్మకు చూపించింది. నాన్నగారి స్వెట్టరులో సగం అలా చీకటిలో తయారైనదే.

అల్లిక విద్య అంతా రెండు ఫందాలలోనే ఉన్నది. సీధాను వెనుకనుంచి చూస్తే ఉల్టా. ఉల్టాను వెనుకనుంచి చూస్తే సీధా. ఉచ్చు ఒకటే, ముఖాలు రెండు. రెండు సీధా, రెండు ఉల్టా చొప్పున వరుస తప్పకుండా వేసుకొంటూ పోతే, సాగి మళ్ళీ దగ్గరకు వచ్చే పట్టీ తయారవుతుంది. నడుము దగ్గరా మణికట్టు దగ్గరా స్వెట్టరు ఒంటిని అంటిపెట్టుకొని ఉండడానికి కారణం అదే. పట్టీకి 11వ నంబరు సూదులు, పై భాగానికి 9వ నంబరువి వాడేవారు. నంబరు పెరిగినకొద్దీ సూది సన్నబడుతుందన్న సంగతి కొత్తలో అమ్మను చాలా తికమక పెట్టింది.

నేతగుడ్డకూ అల్లికకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. నేతలో పడుగు వేరు, పేక వేరు. కత్తెర పడిన గుడ్డ తిరిగి తాను కాలేదు. అల్లికలో మొదటినుంచి చివరిదాకా నడిచేది ఒకటే దారం. కాబట్టి స్వెట్టరు మళ్ళీ ఊలు కాగలదు. ఇది తెలిసిన ఇళ్ళలో ఊలును ఒక్కసారి కొని పదేళ్ళు వాడుకొనేవారు. నాకు పొట్టి అయిన స్వెట్టరు మరుసటి చలికాలానికి మా చెల్లెలి టోపీ, చేతితొడుగులు అయ్యేది. ముందుగా పక్క కుట్లు ఊడదీయాలి. తరువాత అల్లడం ముగించిన చోటు వెదకి, అక్కడినుంచి విప్పుకొంటూ రావాలి. మొదలుపెట్టిన అంచునుంచి లాగితే చిక్కుపడుతుంది తప్ప ఊడిరాదు. విప్పిన ఊలు మెలికలు మెలికలుగా ఉంటుంది. దానిని చిలపగా చుట్టి, గోరువెచ్చని నీటిలో ముంచి, కింద కొద్ది బరువు కట్టి ఆరవేస్తే మెలికలు పోయి మళ్ళీ సాపుగా వస్తుంది. ఆరిన చిలపను ఉండగా చుట్టేటప్పుడు నా అవసరం వచ్చేది. "ఒరేయ్, చేతులు చాపు" అనేది అమ్మ. రెండు చేతులకూ చిలప తగిలించుకొని, ఆటకు వేళ మించిపోతున్నదని గింజుకొంటూ నిలబడేవాణ్ణి. నా పని అంతవరకే. సూదులు పట్టుకోబోతే, "మగపిల్లవాడివి, నీకెందుకు?" అనేవారు. చెల్లెలికి నేర్పారు, నాకు నేర్పలేదు.

పాతదానిలోనుంచి కొత్తది పుట్టించే ఈ నేర్పు ఊలుకే పరిమితం కాదు. వంగదేశపు కాంథాలు పుట్టినది పాత చీరలు, ధోవతులనుంచే. అరిగి మెత్తబడిన బట్టలను పొరలుగా పరచి, పాత చీర అంచులనుంచే లాగిన రంగుదారాలతో సన్నని పరుగుకుట్లు వేసేవారు. ఐ.సి.యస్. ఉద్యోగి అయిన గురుసదయ్ దత్ గ్రామాలు తిరిగి సేకరించిన కాంథాలను చూస్తే, అవి చీరపేలికలంటే నమ్మబుద్ధి కాదు. బీహారులో, ముఖ్యంగా ముజఫర్‌పూర్ జిల్లాలో, సుజనీ అన్నది ఇటువంటిదే. మన తెలుగునాట బొంత ఉండనే ఉన్నది. పుట్టిన బిడ్డను కొత్తగుడ్డమీద కాక, అమ్మమ్మ చీరలతో కుట్టిన బొంతమీద పడుకోబెట్టడంలో ఆచారంతోపాటు వివేకమూ ఉన్నది. వందసార్లు ఉతికిన నూలుగుడ్డ మెత్తదనం కొత్తగుడ్డకు ఎక్కడినుంచి వస్తుంది?

అయితే చేతిపనిని పొగిడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అది అందరికీ, అన్నివేళలా ఆనందమే అనుకోరాదు. యంత్రాల విషయంలో అంత పట్టుదల గల గాంధీజీ సైతం 1924లో ఒక యువకుని ప్రశ్నకు సమాధానమిస్తూ, కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. కుట్టి కుట్టి అలసే ఇల్లాలి శ్రమ తగ్గించాలన్న ప్రేమ ఆ యంత్రం వెనుక ఉన్నదని ఆయన భావన. మన నరసాపురం పరిసరాలలో క్రోషా లేసు అల్లే స్త్రీల జీవితాలను పరిశీలించి, జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక గ్రంథం ప్రకటించారు. ఇళ్ళలో కూర్చొని వాళ్ళు అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అది గృహిణుల తీరికవేళ పని అన్న పేరుతో కూలి మాత్రం అత్యల్పంగా ఉండేదని ఆ గ్రంథం చెప్పింది. ఒకే సూది, ఒకే దారం. ఒకచోట విశ్రాంతి, మరొకచోట వెట్టి. తేడా పనిలో లేదు. ఆ పని ఎవరికోసం చేస్తున్నాము, ఎప్పుడు ఆపగలము అన్న స్వేచ్ఛలో ఉన్నది.

ఇది ఆడవారి పని అన్న మాట కూడా నిలిచేది కాదు. కాశ్మీరు శాలువలమీద సోజనీ సూదిపని చేసేవారిలో మగవారు ఎందరో ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాదు రఫూగర్లు తరతరాలుగా చిరిగిన శాలువలకు, అతుకు జాడ తెలియకుండా, రఫూ చేస్తున్నారు. బజారులో మనకు చొక్కా కుట్టిపెట్టే దర్జీ తరచుగా మగవాడే. డబ్బు వచ్చేచోట సూది పట్టిన మగచేయి, ఇంట్లో బొత్తాము ఊడితే ఇల్లాలిని కేకవేస్తుంది. మా ఇంట్లో జరిగినదీ అదే గనుక అంటున్నాను.

ఇక మళ్ళీ కాకినాడకు వస్తాను. భోగిమంట చల్లారిన తరువాత అమ్మ నన్ను పిలిచి, "చిన్న కత్తెర తీసుకురా" అన్నది. స్వెట్టరు ఆమె ఒళ్ళోనే ఉన్నది. "దీన్ని ఉతక్కుండా దాచాను. తప్పని తెలుసు" అన్నది కాసేపటికి. నాకు అప్పుడు తెలిసింది. ఊలును తినేవి ఎగిరే చిమ్మటలు కావు, వాటి పిల్లపురుగులు. చెమట పట్టిన, మాసిన ఊలంటే వాటికి మరీ ఇష్టం. అందుచేత ప్రతి చలికాలం చివరా ఉతికి, ఎండబెట్టి దాచాలని మా అందరికీ నేర్పినది ఆమే. ఆ ఒక్కటి మాత్రం ఉతకలేకపోయింది. ఉతికితే నాన్నగారి వాసన పోతుందని.

పక్క కుట్లు నేను విప్పాను. మెడదగ్గరినుంచి ఊలు లాగడం మొదలుపెట్టింది అమ్మ. చిల్లు వచ్చినచోటల్లా దారం తెగిపోయేది. మూరెడు కొన్ని, బారెడు కొన్ని. పట్టుమని పది వరుసలు తెగకుండా వస్తే మా అమ్మాయి చప్పట్లు కొట్టేది. తెగిన కొనలకు అమ్మ ముడివేయలేదు. రెండు కొనల పురులూ కొంచెం విడదీసి, ఒకదానిమీద ఒకటి ఉంచి, నీటితో తడిపి, అరచేతుల మధ్య గట్టిగా రుద్దేది. అసలైన ఊలు నూగుకు కంటికి కనపడని పొలుసులు ఉంటాయి. తడికీ వేడికీ రాపిడికీ అవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని అతుకు బిగుస్తుంది. ఈనాడు దుకాణాలలో విరివిగా దొరికే యాక్రిలిక్ దారానికి ఈ గుణం లేదు. ఏది ఏదో తెలియకపోతే చిన్న ముక్కను జాగ్రత్తగా వెలిగించి చూడవచ్చు. ఊలు వెంట్రుక కాలిన వాసన వేసి ఆరిపోతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా గడ్డకడుతుంది.

సాయంత్రానికి చిలపలు ఆరాయి. "ఒరేయ్, చేతులు చాపు" అన్నది అమ్మ. యాభై అయిదేళ్ళ వయస్సులో చేతులు చాపి నిలబడ్డాను. ఈసారి గింజుకోలేదు.

అర కిలో పైచిలుకు స్వెట్టరులో పనికివచ్చిన ఊలు సగమైనా లేదు. బూడిదరంగు ఊలు కొంత కొని చారలుగా కలుపుకొని మఫ్లరు అల్లాలని నిశ్చయమయింది. అమ్మ అల్లింది, మనుమరాలు వరుసలు లెక్కపెట్టింది. చివరి జానెడూ నేను అల్లాను. అమ్మ నా వెనుక కూర్చొని నా చేతులమీద తన చేతులు వేసి నేర్పింది. పన్నెండో వరుసలో ఆమె బొటనవేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడొక ఫందా జారింది. విప్పు" అన్నది.

"మొత్తం విప్పాలా అమ్మా?"

"ఎందుకు? తప్పు దగ్గరిదాకా విప్పితే చాలు."

ఆ మఫ్లరు ఇప్పుడు ఢిల్లీలో ఉద్యోగం చేసికొంటున్న మా అమ్మాయి దగ్గర ఉన్నది. ఒక అంచున అల్లిక కొంచెం వంకరగా ఉంటుంది. చలికాలం ముగియగానే దానిని ఉతికి, ఎండలో ఆరబెట్టి, ఆ సంగతి నాయనమ్మకు ఫోనుచేసి మరీ చెబుతుంది.