జీతాలు పెరిగాయి, అయ్యవారి కుర్చీ నిండలేదు

2024 ఆగస్టు 1 నుండి కర్ణాటక ప్రభుత్వోద్యోగులకు ఏడవ వేతన సంఘం సిఫారసులు అమలులోకి వచ్చాయి. కె. సుధాకర్‌రావు అధ్యక్షతన ఏర్పడిన ఆ సంఘం 27.5 శాతం పెంపును సూచించగా ప్రభుత్వం అంగీకరించింది. కనిష్ఠ మూలవేతనం 17,000 రూపాయల నుండి 27,000 రూపాయలయింది. దీనివల్ల ఖజానాపై ఏటా 20,208 కోట్ల రూపాయల అదనపు భారం పడుతుందని ప్రభుత్వమే ప్రకటించింది.

ఈ పెంపును మనం తప్పుపట్టడం లేదు. ధరలు పెరిగినప్పుడు జీతం పెరగడం న్యాయమే. మన బళ్లారి తెలుగు ఇళ్లలోనూ సర్కారు కొలువు చేసేవారున్నారు. అయితే ఆ సొమ్ములో మన చెమట కూడా ఉంది. ఎరువుల వంటివి కొన్నప్పుడల్లా పన్ను కడుతున్నాం. పన్ను కట్టేటప్పుడు మన భాష ఏదని ఎవరూ అడగరు. మరి మన పిల్లలకు మన నుడిలో చదువు చెప్పమన్నప్పుడే ఖర్చు గుర్తుకు రావడమేమిటి?

మా ఊరి బడిలో తెలుగు అయ్యవారు పదవీ విరమణ చేశారు. ఆ కుర్చీ నేటికీ ఖాళీ. ఇటువంటి ఊళ్లు సరిహద్దు పొడవునా ఉన్నాయి. జీతం పెరిగినకొద్దీ ఒక్కొక్క కొలువు ఖరీదూ పెరుగుతుంది. అప్పుడు ప్రభుత్వాలు ఉన్నవారికి జీతం పెంచి, ఖాళీలను నింపకుండా లెక్క సరిచేసుకుంటాయి. 2024 నాటికి రాష్ట్రంలో 2 లక్షలకు పైగా కొలువులు ఖాళీగా ఉన్నాయి. వాటిలో అడిగేవారు లేని కొలువే అన్నిటికన్న వెనుకబడుతుంది. తెలుగు అయ్యవారి కొలువు అటువంటిదే.

చట్టం మన పక్షాన లేకపోలేదు. ఒక తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని మాతృభాషలో చదువు కోరితే కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం నిర్ణయించింది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించే ప్రయత్నం చేయాలని ప్రతి రాష్ట్రానికీ చెబుతోంది.

ఖర్చు మాటకు వద్దాం. ఒక ఉపాధ్యాయునికి ఏడాదికి 8 లక్షలు అవుతుందనుకుందాం. వందమందికి 8 కోట్లు. పెరిగిన 20,208 కోట్లలో ఇది ప్రతి పదివేల రూపాయలకు నాలుగు రూపాయలు మాత్రమే. కనుక లేనిది డబ్బు కాదు, మనసు.

ఇదే న్యాయం అవతలి గట్టునా వర్తించాలి. 1953లో బళ్లారి మైసూరుకు పోగా ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో నిలిచాయి. అక్కడి కన్నడ బిడ్డలకు కన్నడ అయ్యవారిని ఇవ్వమని కూడా మనమే ముందుగా అడగాలి. అప్పుడే మన కోరికకు బలం.

చేయవలసిన పని చిన్నదే. మీ ఊళ్లో తెలుగులో చదవగోరే పిల్లలెందరో లెక్కపెట్టండి. తల్లిదండ్రుల సంతకాలతో వినతిపత్రం రాసి తాలూకా విద్యాధికారికి ఇవ్వండి. చేర్చుకున్నట్లు ముద్ర వేయించుకోండి. నకలును భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపండి. ఉద్యోగులు సంఘటితమై అడిగారు, సాధించుకున్నారు. మనం అడగనిదే మన పిల్లలకు పలక మీద తెలుగు అక్షరం దిద్దించేదెవరు?