డాక్టరు సీటు రాకపోతే...

నాగాయలంక నుండి ఒక తల్లి మమ్మల్ని అడిగారు: "మా అమ్మాయికి మెడిసిన్ సీటు రాలేదు. బీఎస్సీ పూర్తిచేసి, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతానంటోంది. ఎంత చదివినా డాక్టరు కాదు కదా, ఎందుకీ శ్రమ?"

సోదరీ! బోదకాలు నివారణకు ప్రభుత్వ సిబ్బంది ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్రను గుర్తు చేసుకోండి. 1940వ దశకంలో దానిని వెలికితీసిన అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథి, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మద్రాసులో వైద్యం చదివినవారే. అయినా ఆయన పేరు నిలిచింది రోగి పక్కన కాదు, ప్రయోగశాలలో. 1930లో హార్వర్డులో పొందిన పీహెచ్‌డీ అందుకు పునాది.

అయితే ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. ఈ పట్టాతో రోగులకు మందు రాసే అధికారం లభించదు. ఎమ్మెస్సీకి రెండేళ్ళు, పీహెచ్‌డీకి మరో ఐదారేళ్ళు పడుతుంది. కానీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ సాధించి పరిశోధనలో చేరినవారికి 2023 నుండి నెలకు 37,000 రూపాయల భృతి లభిస్తోంది. కనుక ఇంటిపై పడే భారం ముఖ్యంగా ఆ మొదటి రెండేళ్ళదే.

ప్రతి వ్యాధికీ మందును కూడా అల్లాహ్ అవతరింపజేశాడని దైవప్రవక్త (స) బోధించారు. ఆ మందును వెదికేవారు కూడా మన ఇళ్ళ నుండే రావాలి కదా! మీ బిడ్డను సీటు రాని పిల్లగా చూడకండి. ఆమె ఎంచుకున్నది మరో మార్గం, అంతే.