బ్యాగులో చాకు ఉందండీ, కంగారు పడకండి

మొన్న సామర్లకోటలో విజయవాడ వెళ్లే రైలెక్కాను. అనపర్తి దాటాక ఎదురు సీట్లో పాప జామకాయ ముక్కలు కోసివ్వమని పేచీ మొదలెట్టింది. వాళ్లమ్మ దగ్గర స్టీలు స్పూను తప్ప ఏమీ లేదు. నేను హ్యాండ్‌బ్యాగులోంచి మడత చాకు తీసి తెరిచాను. అంతే, చుట్టుపక్కల మాటలు ఆగిపోయాయి. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన గొంతు తగ్గించి అడిగారు: "ఆత్మరక్షణ కోసమా అమ్మా?"

"కాదండీ, గోనె సంచుల కోసం" అన్నాను.

కాకినాడలో మాది కిరాణా హోల్‌సేల్ కొట్టు. బస్తా మూతి కుట్టుకి అసలు కొస దొరికితే ఒక్క లాగుకి మొత్తం ఊడొస్తుంది. దొరక్కపోతే చాకే దిక్కు. అట్టపెట్టెల టేపు, కట్టల చుట్టూ బిగించిన ప్లాస్టిక్ పట్టీలు, పురికొస, మధ్యాహ్నం మామిడికాయ, అన్నిటికీ అదే. మగవాడి జేబులో పెన్ను ఎంతో నా బ్యాగులో చాకు అంత. ఆడమనిషి చేతిలో కనబడితే మాత్రం దానికో కథ కావాలి మనవాళ్లకి.

మా అబ్బాయికి ఈ చాకుల పిచ్చి ఉంది. నాలుగేళ్ల కిందట నా పుట్టినరోజుకి ఆన్‌లైన్లో ఒకటి తెప్పించాడు. వేలితో ఇలా అంటే అలా తెరుచుకుంటుంది. "డీ2 ఉక్కమ్మా, నెలల తరబడి పదును పోదు" అన్నాడు. నిజమే, పోలేదు. ఒకరోజు కల్లుప్పు బస్తా కోసి, తుడవకుండా గల్లాపెట్టెలో పడేశాను. మూడోనాటికి బ్లేడు నిండా గోధుమరంగు చుక్కలు.

స్టెయిన్‌లెస్ అనిపించుకోవడానికి ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. డీ2లో 12 శాతం దాకా ఉంటుంది. మరి తుప్పెందుకు? దాన్లో కార్బన్ కూడా ఒకటిన్నర శాతం ఉంటుంది. ఆ కార్బన్ క్రోమియంలో చాలా భాగాన్ని పట్టుకుని గట్టి రేణువులుగా మార్చేస్తుంది. పదును నిలబెట్టేవి ఆ రేణువులే. తుప్పుని ఆపాల్సిన క్రోమియం మాత్రం వాటిలో చిక్కుకుపోతుంది. రేకుల్ని కోసే, ఒత్తే అచ్చులకి వాడే ఉక్కు అది. ఎండిపోయిన ఊళ్లో, తుడిచే ఓపికున్న మనిషి దగ్గర బతుకుతుంది. సముద్రపు గాలిలో, నాలాంటి బద్ధకస్తురాలి దగ్గర కాదు. పైగా పదును పోయాక తిరిగి తెప్పించడానికి నా మణికట్టు పడిపోయింది.

తర్వాత ఫ్రాన్సువాళ్ల ఒపినెల్ కొన్నాను. 1890లో సవోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన మొదలుపెట్టిన చాకు. ఎనిమిదో నంబరుకి ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు, బీచ్ కర్ర పిడి, మెడ దగ్గర తిప్పి బిగించే ఇనప కట్టు. ఇంత తేలికైన, ఇంత చక్కగా కోసే చాకు నేను చూడలేదు. అయితే శ్రావణం వచ్చేసరికి కర్ర ఉబ్బి బ్లేడు లోపల బిగుసుకుపోయింది. పిడి చివర గట్టిగా తడితే కొంచెం బయటికొస్తుంది, సవోయ్ రైతులూ అలాగే కొడతారట. కొట్టు ముందు నలుగురు నిలబడి ఉండగా గల్లాపెట్టె మీద టకటకా కొట్టుకుంటూ కూర్చోవడం నావల్ల కాలేదు. ఇప్పుడది వేసవిలో మాత్రమే బయటికొస్తుంది.

ఇప్పుడు బ్యాగులో ఉన్నది ప్లాస్టిక్ పిడి, మామూలు స్టెయిన్‌లెస్ బ్లేడు. చాకుల పిచ్చివాళ్లు ముక్కు చిట్లించే మెత్తని ఉక్కే. నేను చెప్పేదీ ఇదే: రోజువారీ చాకుకి గొప్ప ఉక్కు అక్కర్లేదు, మీ చేత్తో పదును పెట్టుకోగలిగే ఉక్కు కావాలి. స్వీడన్ 12సీ27లో కార్బన్ 0.6 శాతం, క్రోమియం పదమూడున్నర. దాని చుట్టం 14సీ28ఎన్‌లో కాస్త నైట్రోజన్ కలిపారు, తుప్పుకి ఇంకా మొండి. చవక చైనా చాకుల మీద కనబడే 8సీఆర్13ఎంఓవీకి పేరులోనే జాతకం ఉంది: కార్బన్ 0.8, క్రోమియం 13. వీటిలో ఏదైనా చాలు. ఏ, బీ, సీల్లో ఏదో చెప్పకుండా ఉత్త '440' అని అచ్చేసినది మాత్రం వద్దు. అచ్చేసిన పేరైనా సగం మాటే. ఉక్కుని ఎంత వేడి చేశారు, ఎలా చల్లార్చారు అన్నది మిగతా సగం. ఆ సంగతి ఏ కమ్మరినడిగినా చెబుతాడు.

ఉక్కు మాటెత్తగానే కోనసముద్రం, డమాస్కస్ కత్తులు అంటూ మొదలెట్టేవాళ్లుంటారు. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊరి మూసల్లో కరిగిన ఉక్కు పర్షియా దాకా వెళ్లిన మాట నిజమే. ఆ గర్వంతో నా బస్తా తెగదు కదా.

రెండు వేలు పెట్టాలనుకుంటే ఆరేడు వందలు సానరాయికి మిగల్చండి. ఒకవైపు 400, ఇంకోవైపు 1000 గరుకున్న రాయి. నీళ్లు చల్లి, బ్లేడుని రాయికి ఇరవై డిగ్రీల వాలులో పెట్టి, రెండో వైపు అంచున గీరుకున్నట్టు వేలికి తగిలేదాకా రుద్దాలి. తర్వాత తిప్పి అలాగే. చివర్న మెల్లగా నాలుగు సార్లు మార్చి మార్చి. పరీక్షకి ఈ పేజీనే వాడుకోండి, చదవడం అయ్యాక. చిరక్కుండా జారుతూ తెగితే చాలు. సైకిలు మీద సాన తిప్పుకుంటూ వచ్చే అతను మా వీధికి రావడం మానేసి ఏళ్లయింది, అందుకే నేనీ విద్య నేర్చుకోవాల్సొచ్చింది.

బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే రకాల జోలికి వెళ్లకండి. 9 అంగుళాల పొడుగో, 2 అంగుళాల వెడల్పో దాటిన బ్లేడుని, ఇంటికో పొలానికో పనిముట్టుగా చేసింది కాకపోతే, ఆయుధ నిబంధనలు ఆయుధంగానే లెక్కేస్తాయి. మన పనికి మూడంగుళాలు ఎక్కువ. విమానంలో చేతిసంచిలో పెట్టనివ్వరు, అది గుర్తుంచుకోవాలి.

రైల్లో జామకాయ కోశాక మిగిలిన రెండూ తనే కోసుకుంటానంది పాప తల్లి. చాకు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. "చేతికివ్వకండి పిన్నిగారూ, సీటు మీద పెట్టండి" అంది. మడిచి పెట్టాను. తీసుకుని తెరవడానికి కాసేపు తంటాలు పడింది. గోటి గాడి ఎక్కడుందో పెద్దాయనే వంగి చూపించారు.