మార్కు వచ్చింది, గ్లాసు మారలేదు

మనూర్ ప్రాంతంలో బడికి వెళ్లిన రోజుల్లో రాజ్యాంగంలోని 17వ అధికరణం నాకు ఒక మార్కు ప్రశ్న. అంటరానితనం రద్దయిందని రాసి ఆ మార్కు తెచ్చుకున్నాను. సాయంత్రం టీకొట్టులో నా గ్లాసు నేనే కడిగి విడిగా పెట్టాను. అదే జవాబు రాసిన పైకులపు సహపాఠికి అందులో వింతేమీ కనిపించలేదు. తెలియడం వేరు, మారడం వేరని నాకు అర్థమైంది అక్కడే.

పాఠం చేయలేని పని కొంతవరకు పళ్లెం చేస్తుంది. మధ్యాహ్న భోజనం వండే నియామకాల్లో దళితులకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. దళిత స్త్రీ వండిన అన్నాన్ని రోజూ ఒకే వరుసలో కూర్చుని తినే పిల్లలకు సమానత్వం కంఠస్థం చేయవలసిన వాక్యం కాదు, అలవాటు. పెద్దలు అభ్యంతరం చెప్పారని వంటమనిషిని మార్చిన చోట మాత్రం పిల్లలు నేర్చుకునేది కులపాఠమే.

అవగాహన సదస్సుకు ఎందరు వచ్చారో లెక్కపెట్టడం సులభం. మరునాడు ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూడడమే అసలు పరీక్ష. అది రాయవలసింది విద్యార్థులే కాదు. బడిని, ఊరిని నడిపే పెద్దలు కూడా.