మసాయ్ మారా: ఒక్క రాత్రికి 3 లక్షలు.. సింహాలను కాపాడేది లాడ్జినా, కౌలు కాగితమా?

ఒక్క రాత్రికి 3,500 డాలర్లు. మన లెక్కలో దాదాపు 3 లక్షల రూపాయలు. కెన్యాలోని మసాయ్ మారా అభయారణ్యంలో శాండ్ నది ఒడ్డున 2025 ఆగస్టులో తెరుచుకున్న రిట్జ్ కార్ల్‌టన్ సఫారీ లాడ్జిలో గది అద్దె అక్కడి నుంచే మొదలు. 20 టెంట్ సూట్లు, ఒక్కోదానికి ఓ చిన్న స్విమ్మింగ్ పూల్. మంచం మీద నుంచే జంతువులు కనిపించే ఏర్పాటు.

ఆ లాడ్జి తెరిచిన నెలలోనే వ్యవహారం నారోక్ కోర్టుకెక్కింది. సెరెంగెటి, మారాల మధ్య వైల్డ్‌బీస్ట్ మందలు నడిచే దారికి ఈ కట్టడం అడ్డం పడుతోందన్నది కేసు వేసిన మసాయ్ నాయకుడి ఆరోపణ. అది వలస దారే కాదని, తమ దగ్గరున్న పరిశీలన లెక్కలు అదే చెబుతున్నాయని కెన్యా వన్యప్రాణి విభాగం జవాబిచ్చింది. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ అభయారణ్యానికి 2023లో ఆమోదించిన పదేళ్ల నిర్వహణ ప్రణాళిక, కొత్తగా బస కట్టడాలు ఇక వద్దంటోంది. అంతకుముందే అనుమతులొచ్చాయా, రాలేదా అన్న దగ్గర వాదన నడిచింది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో రాజమౌళి సినిమా యూనిట్ కెన్యాలో షూటింగ్ చేయడంతో తెలుగువాళ్ల నోట కూడా మసాయ్ మారా పేరు బాగా నలిగింది. సఫారీ ప్యాకేజీల ప్రకటనల్లో ఇప్పుడు ఓ మాట తప్పనిసరిగా కనిపిస్తోంది: "ఎకో ఫ్రెండ్లీ లగ్జరీ". మీరు కట్టే డబ్బుతో అడవి బతుకుతుంది, ఊరు బాగుపడుతుంది అంటారు.

నిజంగా బాగుపడుతుందా? కొన్నిచోట్ల అవును. కానీ అది లాడ్జి పైకప్పు మీద ఎన్ని సోలార్ పలకలు పెట్టారన్న దాన్నిబట్టి కాదు. ఆ నేల ఎవరిది, ఆ నేలకు డబ్బు ఎలా అందుతోంది అన్న దాన్నిబట్టి.

ఒకటే పేరు, రెండు రకాల నేల

మసాయ్ మారా అనగానే అంతా ఒకటే అడవి అనుకుంటాం. కాదు. సుమారు 1,510 చదరపు కిలోమీటర్ల నేషనల్ రిజర్వ్ నారోక్ కౌంటీ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. గేటు దగ్గర టికెట్ డబ్బు కౌంటీకే. విదేశీ పర్యాటకులకు 2024 నుంచి రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబర్ దాకా అయితే 200 డాలర్లు. వలస సీజన్‌లో కుటుంబంతో వెళితే టికెట్లకే లక్ష రూపాయలు దాటినా ఆశ్చర్యం లేదు. రిజర్వ్‌లో పశువులు మేపడం నిషేధం. దొరికితే జరిమానా.

ఆ రిజర్వ్‌కు ఉత్తరాన, తూర్పున ఉన్నదంతా మసాయ్ కుటుంబాల సొంత భూమి. ఒకప్పుడు అందరిదీ కలిపి ఉమ్మడి పట్టా. 'గ్రూప్ రాంచ్' అనేవారు. తర్వాత దాన్ని ఎవరి వాటా వాళ్లకు పంచేశారు. కొన్నిచోట్ల కుటుంబానికి 150 ఎకరాల దాకా వచ్చింది. వినడానికి చాలా ఎక్కువే. కానీ వానలు అంతంతమాత్రంగా ఉండే ఆ బీడులో, మందను మేత వెంట తిప్పుకుంటూ బతికే మనిషికి అది ఓ మూల ముక్క. దానికి పట్టా రాగానే ముందున్న దారులు మూడే: కంచె వేసుకోవడం, గోధుమ పంటకు ఇవ్వడం, లేదా అమ్ముకోవడం. మూడింటిలో ఏది జరిగినా జంతువు దారి మూసుకుపోయినట్టే.

ఇదేదో ఊహ కాదు. 1977 నుంచి 2016 మధ్య కెన్యాలో వన్యప్రాణుల సంఖ్య సగటున 68 శాతం పడిపోయిందని విమానాల నుంచి చేసిన గణనలు తేల్చాయి. ఆ దేశంలో మూడింట రెండు వంతుల వన్యప్రాణులు పార్కుల బయటే, అంటే ఇలా జనం భూముల్లోనే తిరుగుతాయి. మారాకు తూర్పున లోయిటా మైదానాల నుంచి ఏటా వచ్చే వైల్డ్‌బీస్ట్ మందలైతే నాలుగు దశాబ్దాల్లో కుప్పకూలాయి. 1970ల చివర్లో లక్షకు పైగా ఉన్నవి 20 వేల లోపుకి దిగిపోయాయి. టీవీల్లో చూపించే నది దాటే దృశ్యం సెరెంగెటి మందలది. లోయిటా మందల గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు.

కౌలు లెక్క ఇదీ..

ఇక్కడే కన్జర్వెన్సీ అనే పద్ధతి పుట్టింది. 2005లో ఓల్ కిన్యెయ్, ఆ మరుసటి ఏడాది ఓలారే ఒరోక్, 2009లో మారా నార్త్, 2010లో నబోయిషో. పక్కపక్క పట్టాలున్న కుటుంబాలు కలిసి తమ భూమిని మళ్లీ ఒక్కటి చేస్తాయి. కంచెలు ఉండవు, ఇళ్లు కట్టరు. ఆ మొత్తాన్ని కొన్ని సఫారీ కంపెనీలు కౌలుకు తీసుకుంటాయి. నబోయిషోలో దాదాపు 50 వేల ఎకరాలకు 500 పైచిలుకు యజమానులు. ఎవరి వాటా కౌలు వాళ్ల బ్యాంకు ఖాతాలోనో, మొబైల్‌లోనో పడుతుంది.

అసలు కీలకం కౌలు రాసుకునే తీరులో ఉంది. గదులు నిండితే ఇంత శాతం అని కాదు, ఎకరాకు ఇంత అని. గదులు నిండినా, నిండకపోయినా ఇవ్వాల్సిందే. మన దగ్గర పంటలో వాటా పాలుకీ, మక్తా కౌలుకీ ఉన్న తేడా తెలిసిన రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పాలు అయితే నష్టం ఇద్దరిదీ. మక్తా అయితే భూమి యజమాని చేతికి డబ్బు ఖాయం. అంతకుముందు లాడ్జీలు లాభంలో వాటా ఇస్తామని చెప్పి, లెక్కలు మాత్రం తమ దగ్గరే పెట్టుకునేవి. ఊరి పెద్దల దగ్గర ఆగిపోయిన డబ్బు కింది దాకా దిగేది కాదు. మక్తా పద్ధతి ఆ దళారీతనాన్ని చాలావరకు తుడిచేసింది.

మరి లగ్జరీ ఎందుకు? అది కూడా ఈ లెక్కలోంచే వచ్చింది. ఓలారే మోటోరోగి కన్జర్వెన్సీలో 700 ఎకరాలకు ఒక్క టెంటే ఉండాలన్నది నియమం. ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించి ఆగకూడదు. రిజర్వ్ లోపల చిరుతపులి చుట్టూ పదుల కొద్దీ జీపులు మూగే దృశ్యం చూసినవాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఇప్పుడు లెక్కేయండి. ఒక టెంటులో ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరు కట్టే డబ్బులోంచే 700 ఎకరాల కౌలు, కాపలావాళ్ల జీతాలు, వంటవాడి జీతం, బండి డీజిల్ రావాలి. రాత్రికి వంద డాలర్లకు గది ఇస్తే ఇది ఒక్క నెల కూడా నడవదు. రేటు ఎక్కువగా ఉండటం ఇక్కడ దర్జా కోసం మాత్రమే కాదు, మంది తక్కువగా ఉండటానికి కట్టే ధర. అయితే, రేటు ఎక్కువైన ప్రతి లాడ్జీ ఇలా కౌలు కడుతోందని అనుకుంటే పొరపాటే. రిజర్వ్ లోపలి లాడ్జికి పక్కన కౌలు అడిగే మసాయ్ కుటుంబం ఉండదు. అది కట్టేది కౌంటీకి. రెండింటి బోర్డు మీదా 'ఎకో' అనే ఉంటుంది.

విమానాలు ఆగిన రోజు..

2020 మార్చిలో ఈ పద్ధతికి గట్టి పరీక్ష ఎదురైంది. కరోనాతో విమానాలు ఆగాయి, టెంట్లు ఖాళీ. మక్తా అయినా సరే, ఇవ్వడానికి కంపెనీ గల్లాలో డబ్బుంటేనే కదా. చాలాచోట్ల కౌలు తగ్గించి ఇవ్వాల్సి వచ్చింది. కొన్నిచోట్ల భూమి యజమానులు దానికి ఒప్పుకున్నారు. అంతర్జాతీయ సంస్థల నుంచి అప్పులు తెచ్చి కొంత సర్దారు. కన్జర్వెన్సీలు కూలిపోలేదు. కానీ కౌలు ఆగితే మళ్లీ కంచె స్తంభాలు లేస్తాయన్న భయం ఆ రెండేళ్లలో అందరికీ కళ్లకు కట్టింది. ఒక ఖండంలోని సింహం భవిష్యత్తు ఇంకో ఖండంలోని విమాన టికెట్ల మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో అప్పుడే తేలిపోయింది.

బ్రోచర్‌లో కనిపించనివి

ఈ మోడల్‌ను పొగిడేవాళ్లు దాటేసే విషయాలు కొన్ని ఉన్నాయి. పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేర్లమీదే ఉన్నాయి. కాబట్టి కౌలు వాళ్ల ఫోన్‌కే వస్తుంది. భూమి పంపకంలో వాటా దక్కని కుటుంబాలకు, ఆ తర్వాత ఎదిగొచ్చిన పిల్లలకు ఏమీ రాదు. లాడ్జిలో ఉద్యోగమే వాళ్లకు దిక్కు. 2005లో మొదలైన కోయియాకి గైడింగ్ స్కూల్ లాంటివి స్థానిక యువతను గైడ్లుగా తయారు చేస్తున్నాయి, అది మంచి పనే. కానీ ఊరంతా గైడ్లు కాలేరు కదా.

పశువుల సంగతి మరీ చిక్కు. కన్జర్వెన్సీలు రిజర్వ్‌లా మేతను పూర్తిగా నిషేధించలేదు. వంతులవారీగా, చెప్పిన చోటే మేపుకోనిస్తాయి. గడ్డి ముదిరిపోకుండా మేయించడం జింకలకూ మంచిదేనని నిర్వాహకుల వాదన. కరువు వచ్చిన ఏడాది మాత్రం ఆ వంతులు నిలవవు. చీకటిపడ్డాక మందలు లోపలికి తోలడం, కాపలావాళ్లు అడ్డుకోవడం మామూలే. పైగా కన్జర్వెన్సీలోంచి బయటికి వెళ్లిన ఇళ్లు, మందలు పక్క భూముల మీద పడతాయి. ఒకచోట తీసిన కంచె పక్కచోట మొలుస్తోంది.

సమ్మతి లేకుండా చేస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు అదే ప్రాంతంలో ఉన్నాయి. ఉత్తర కెన్యాలోని ఇసియోలో కోర్టు 2025 జనవరిలో రెండు కన్జర్వెన్సీలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. ప్రజల్ని సరిగా సంప్రదించకుండా ఏర్పాటు చేశారన్నదే కారణం. సరిహద్దు దాటితే టాంజానియా. అక్కడ లోలియోండోలో 2022 జూన్‌లో దాదాపు 1,500 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణులకంటూ హద్దురాళ్లు పాతారు. మసాయ్‌లు అడ్డుపడితే ఘర్షణలు జరిగాయి. ఎంతోమంది సరిహద్దు దాటి కెన్యాలోకి పారిపోయారు. జంతువులు అవే, మైదానం అదే. భూమి కాగితం ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

మరి నల్లమలలో?

ఈ కౌలు పద్ధతిని ఉన్నదున్నట్టు మన దగ్గరికి తేలేం. శ్రీశైలం వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ 3,700 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, తెలంగాణ వైపు అమ్రాబాద్ 2,600 పైచిలుకు. అంతా అటవీ శాఖ నేల. చెంచు కుటుంబానికి 150 ఎకరాల పట్టా లేదు, కౌలు అడిగే హక్కూ లేదు. బైర్లూటి, మన్ననూరు దగ్గర బస, ఫరహాబాద్ సఫారీ లాంటివన్నీ శాఖ ఆధ్వర్యంలో నడిచేవే. చెంచులు అక్కడ కాపలాదారులు, దారి చూపేవాళ్లు, వంటవాళ్లు. పులి అడుగు చూసి ఎప్పటిదో చెప్పగల మనిషికి రోజుకూలీ వస్తోంది. భూమి మీద రాబడి రావడం లేదు.

ప్రైవేటు రిసార్టుల విషయంలో మన కోర్టులు కాస్త గట్టిగానే ఉన్నాయి. నీలగిరుల్లో సిగూరు ఏనుగుల దారిలో వెలిసిన రిసార్టులను మూయించే నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 2020 అక్టోబర్‌లో సమర్థించింది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2012 మార్గదర్శకాల ప్రకారం కోర్ ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకానికి తెరవకూడదు. ఎక్కడ కట్టకూడదో చెప్పే నియమాలు ఇవి. కట్టినచోట వచ్చే డబ్బులో ఊరి వాటా ఎంత, అది ఎవరి ఖాతాకు, గదులు ఖాళీగా ఉన్న నెలలో ఏం చేస్తారు అన్న ప్రశ్నలకు మాత్రం రాష్ట్రానికో తీరు. 2006 అటవీ హక్కుల చట్టంలో గ్రామసభకు సామూహిక హక్కులున్నాయి. అటవీ భూమిపై రాబడిలో వాటా అడగడానికి చెంచు పెంటల చేతిలో ఉన్న కాగితం అదొక్కటే. అమ్రాబాద్ కోర్ నుంచి గూడేలను బయటికి తరలించే మాట మధ్యమధ్యలో వినిపిస్తూనే ఉంది. తరలిపోయాక ఆ కాగితం దేనికీ పనికిరాదు.

మారాలో కూడా ఇప్పుడు కాగితాల కాలమే నడుస్తోంది. 2010 ప్రాంతంలో 15 ఏళ్లకు రాసుకున్న కౌలు ఒప్పందాలకు గడువు తీరే సమయం ఇది. కొన్నిచోట్ల 25 ఏళ్లకు తిరిగి రాసుకుంటున్నారు. అప్పట్లో సంతకం పెట్టిన తండ్రుల స్థానంలో ఇప్పుడు కొడుకులు కూర్చుంటున్నారు. నారోక్ చుట్టుపక్కల భూమి రేటు ఎంతో, పక్క లాడ్జిలో రాత్రికి ఎంత తీసుకుంటున్నారో వాళ్లకు ఫోన్‌లోనే తెలుస్తోంది. ఎకరాకు ఎంత అని ఈసారి బేరం వాళ్లే మొదలుపెడుతున్నారు.