సొంత సొమ్ముకే యాచన

సరుకు చేరింది. కొనుగోలుదారు పరీక్షించి స్వీకరించాడు. బిల్లు అందినట్టు సంతకమూ చేశాడు. సొమ్ము మాత్రం రాదు. జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామికవాడల నుంచి కోయంబత్తూరు, రాజ్‌కోట్, లూధియానాల వరకు చిన్న పరిశ్రమలు నడుపుతున్నవారికి ఇది నిత్యానుభవం. తన శ్రమకు ప్రతిఫలాన్ని తానే చేతులు జోడించి అడుక్కోవలసి రావడం, అడిగితే తర్వాతి ఆర్డరు పోతుందేమోనని భయపడవలసి రావడం దేశ ఆర్థిక వ్యవస్థకు వన్నె తెచ్చే విషయం కాదు.

బిల్లు సొమ్ము ఆలస్యమైతే నష్టం ఒక్క యజమానితో ఆగదు. కొనుగోలుదారు చెల్లించినా, చెల్లించకపోయినా సరఫరాదారు మాత్రం సాధారణంగా మరుసటి నెలలోనే జీఎస్టీ కట్టి తీరాలి. బ్యాంకు రుణం 90 రోజులకు మించి బకాయి పడితే ఖాతా మొండి బకాయిగా మారుతుంది. ఒకటో తారీఖున కార్మికుడికి జీతం ఇవ్వాలి. పెద్ద సంస్థ వడ్డీ లేకుండా వాడుకుంటున్న సొమ్ముకు చిన్న సంస్థ బయట అధిక వడ్డీ చెల్లిస్తున్నదన్నమాట. పేదవాడు ధనికుడికి అప్పుపెట్టే ఈ విచిత్ర విధానానికి వ్యాపార మర్యాద అని పేరు!

ఈ అన్యాయాన్ని ప్రభుత్వాలు గుర్తించలేదని అనలేము. 1992 సెప్టెంబరులో ఆర్డినెన్సు, 1993లో దాని స్థానంలో చట్టం తెచ్చి ఆలస్యపు చెల్లింపులపై వడ్డీని విధించారు. అది చాలదని తేలడంతో 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టాన్ని చేశారు. దీని ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు స్వీకరించిన 15 రోజులలో, ఉంటే గరిష్ఠంగా 45 రోజులలో సొమ్ము చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలవారీ చక్రవడ్డీతో ఇవ్వాలి. బ్యాంకు రేటు ఆరు శాతం అనుకుంటే పది లక్షల బకాయిపై ఏడాదికి సుమారు 1 లక్షా 95 వేల రూపాయల వడ్డీ అవుతుంది. ఒప్పందంలో ఇందుకు విరుద్ధంగా ఏమి రాసుకున్నా చెల్లదు.

వసూలుకు మార్గమూ ఆ చట్టంలోనే ఉంది. ప్రతి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఏర్పడాలి. అది ముందు రాజీ కుదర్చాలి. కుదరకపోతే తానే మధ్యవర్తిగా తీర్పు చెప్పాలి, లేదా మరో మధ్యవర్తిత్వ సంస్థకు అప్పగించాలి. కొనుగోలుదారు ఢిల్లీలో ఉన్నా సరే, సరఫరాదారు తన రాష్ట్రంలోని కౌన్సిల్‌నే ఆశ్రయించవచ్చు. తీర్పును సవాలు చేయదలచిన కొనుగోలుదారు అందులోని మొత్తంలో 75 శాతం ముందుగా కోర్టులో జమ చేయాలి. ప్రైవేటు ఒప్పందంలోని మధ్యవర్తిత్వ నిబంధనను అడ్డం పెట్టుకుని ఈ మార్గాన్ని మూసివేయడం కుదరదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2017లో వచ్చిన సమాధాన్ పోర్టల్‌తో ఇంటి నుంచే ఫిర్యాదు చేసే వీలు కలిగింది.

ఇంత పదునైన చట్టం ఉండగా బకాయిలు ఎందుకు తరగడం లేదు? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వని చందంగా పరిస్థితి ఉండటమే కారణం. ఫిర్యాదును 90 రోజులలో పరిష్కరించాలని చట్టం చెబుతున్నది. అయితే కౌన్సిల్‌కు అధ్యక్షత వహించవలసినది పరిశ్రమల శాఖ ఉన్నతాధికారి. అనేక ఇతర బాధ్యతల నడుమ ఆయనకు న్యాయాధికారి పాత్ర అదనపు బరువు. సమావేశం వాయిదా పడితే గడువు దానంతట అదే గడిచిపోతుంది. తీర్పు వచ్చాక దాని అమలుకు మళ్లీ సివిల్ కోర్టు గడప తొక్కాలి.

రెండవ కారణం భయం. చట్టం ఎంత బలమైనదైనా ఫిర్యాదు చేస్తేనే కదులుతుంది. ఒకరిద్దరు పెద్ద ఖాతాదారుల మీదనే ఆధారపడి బతికే పరిశ్రమ వారిపై ఫిర్యాదు చేయడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. అన్నిటికీ మించి, బాకీపడినవారిలో ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు కూడా ఉండటం విచారకరం. చట్టం చేసినవారే దాన్ని ఉల్లంఘిస్తే ప్రైవేటు సంస్థలకు నీతులు చెప్పే అర్హత ఎక్కడిది?

ఈ చట్టం పరిధిలోకి రానివారి పాట్లు ఇంకా ఎక్కువ. ఉద్యమ్ నమోదుకు 2021లో అవకాశమిచ్చినా, వ్యాపారులకు దానివల్ల దక్కేది ప్రాధాన్య రంగ రుణ సౌకర్యం మాత్రమే. ఆలస్యపు చెల్లింపుల రక్షణ కాదు. వారికి మిగిలేది సివిల్ దావా. మూడు లక్షలు, అంతకు మించిన వాణిజ్య వివాదమైతే అత్యవసర ఉత్తర్వు అవసరం లేనప్పుడు ముందుగా మధ్యవర్తిత్వ ప్రయత్నం తప్పనిసరి అని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. దివాలా స్మృతి కింద కేసు వేయడానికి బకాయి కనీస మొత్తాన్ని 2020లో లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచడంతో చిన్నవారికి ఆ తలుపూ మూసుకుపోయింది. ఇంగ్లండులో పదివేల పౌండ్ల వరకు బకాయిలకు స్మాల్ క్లెయిమ్స్ విధానం ఉంది. న్యాయవాది లేకుండానే సామాన్యుడు అక్కడ తన గోడు వినిపించుకోవచ్చు. మన దేశంలో హైదరాబాద్ వంటి నగరాలలో స్మాల్ కాజెస్ కోర్టులు ఉన్నా, వ్యాపార బకాయిల వసూలుకు అంత సులభమైన వేదిక దేశవ్యాప్తంగా ఏర్పడలేదు.

ఫిర్యాదుతో పని లేకుండా బకాయిదారును కదిలించే మార్గాలే మేలైనవి. 2023 ఆర్థిక చట్టం ఆ దిశగా ఒక అడుగు వేసింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులోగా చెల్లించని సొమ్మును, వాస్తవంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. దీనివల్ల కొనుగోలుదారులు చిన్నవారిని వదిలి ఇతరుల వైపు మళ్లుతారన్న ఆందోళన వ్యక్తమైన మాట నిజమే. అంతమాత్రాన నిబంధనే తప్పు అనలేము. బిల్లులపై ముందుగా సొమ్ము ఇప్పించే ట్రెడ్స్ వేదికలో చేరాలని 250 కోట్లకు పైబడిన టర్నోవరు గల కంపెనీలను కేంద్రం 2024లో ఆదేశించింది. చేరిక ఒక్కటే చాలదు. కొనుగోలుదారు బిల్లును అంగీకరించకపోతే ఆ వేదిక అలంకారప్రాయమే.

చిన్న పారిశ్రామికవేత్తలు కూడా కొన్ని జాగ్రత్తలు పాటించక తప్పదు. నోటిమాట ఆర్డర్లకు స్వస్తి చెప్పాలి. ఒప్పందానికి ముందే ఉద్యమ్ నమోదు చేయించుకోవడం శ్రేయస్కరం. తర్వాత చేయించుకుంటే హక్కు వర్తిస్తుందా లేదా అనే వివాదం 2025లో సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనానికి నివేదితమైంది. సరుకు అందిన తేదీకి రసీదు భద్రపరచాలి. స్వీకరించిన 15 రోజులలో కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకు అంగీకరించినట్టే లెక్క. మొహమాటంతో ఏళ్లు గడిపితే మూడేళ్ల కాలపరిమితి దాటి దావా హక్కే పోవచ్చు.

అసలు బాధ్యత ప్రభుత్వాలది. కౌన్సిళ్లకు పూర్తికాలపు అధ్యక్షులను నియమించి, ప్రాంతాలవారీగా వాటి సంఖ్య పెంచాలి. ప్రభుత్వ రంగ సంస్థలలో గడువు దాటిన ప్రతి బిల్లుకూ ఒక అధికారిని జవాబుదారీ చేయాలి. వడ్డీని అడగకుండానే బిల్లుతో కలిపి చెల్లించే పద్ధతి రావాలి. ముందుగా తమ ఇల్లు చక్కదిద్దుకున్న ప్రభుత్వాలే ప్రైవేటు బకాయిదారులను గట్టిగా నిలదీయగలవు. చిన్న పరిశ్రమలు కోరుతున్నది రాయితీ కాదు, దానం కాదు. అమ్మిన సరుకుకు సకాలంలో సొమ్ము. ఆ మాత్రం హామీ ఇవ్వలేని పక్షంలో స్వావలంబన గురించి ఎన్ని ప్రసంగాలు చేసినా నిష్ప్రయోజనం.